ముప్పై ఏళ్ల కిందటిది గుర్తుంది, పొద్దున తిన్నది గుర్తులేదు: అమ్మ నటించడం లేదు

నెల్లూరు జిల్లా కలిగిరి పక్క పల్లె నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మగారికి 71 ఏళ్లు, బడికి పోలేదు. ఏడాదిన్నరగా అన్నం తిన్న అరగంటకే "ఇంకా బువ్వ పెట్టలేదేందే" అని కోడలిని అడుగుతున్నారు. అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లకు కూడా అదే చెబుతున్నారు. మెడలో గొలుసు తీసి ఎక్కడో దాచి, కోడలే తీసిందంటున్నారు. కానీ 1992లో ఊరి ఆడవాళ్లంతా కలిసి సారా ప్యాకెట్లు పట్టుకుని తగలబెట్టిన రాత్రి గురించి అడిగితే, ఎవరెవరు వచ్చారో, ఎవరి చేతిలో చీపురుందో, ఎవరు కారప్పొడి మూట కట్టుకొచ్చారో పూసగుచ్చినట్టు చెబుతారు. "అంత పాతది గుర్తున్న మనిషికి పొద్దున తిన్న దోసె గుర్తుండదా? కోడలి మీద కోపంతో నటిస్తోందా, చాదస్తమా? డాక్టరు స్కాన్ రాశారు, అవసరమేనా? రేపు నాకూ వస్తుందా?" అని ఆయన అడిగారు.

మీ అమ్మగారు నటించడం లేదు. ముందు ఈ మాట మీ భార్యకు చెప్పండి, మీరూ నమ్మండి. నేను నెల్లూరులో నరాల డాక్టరుగా ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. పాతవి గుర్తుండి కొత్తవి నిలవకపోవడం చూసి ఇంట్లోవాళ్లు నటన అనుకుంటారు. మాకు మాత్రం జబ్బును అనుమానించడానికి అదే మొదటి ఆనవాలు. ఎందుకో అర్థం కావాలంటే జ్ఞాపకం మెదడులో ఎలా తయారవుతుందో కాస్త చెప్పాలి. ఓపిగ్గా చదవండి. ఇది తెలిస్తే మీ ఇంట్లో సగం గొడవలు తగ్గుతాయి.

మన చెవులకు కొంచెం పైన, బాగా లోపలికి, రెండు వైపులా చిటికెన వేలంత మందాన ఒక్కో మడత ఉంటుంది. దాని పేరు హిప్పోకాంపస్. సముద్రపు గుర్రం అనే చేపలాగా వంకర తిరిగి ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు జరిగిన సంగతిలో ఎవరున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఏమనుకున్నారు అన్నవాటిని ఒక దండగా గుచ్చేది అదే. పాతకాలం కిరాణా అంగళ్లలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఆ రోజు జరిగిన బేరాలన్నీ ముందు చిట్టాలో రాసేవాళ్లు. తర్వాత తీరిగ్గా ఎవరి ఖాతాలోకి వాళ్లది ఆవర్జాకు ఎక్కించేవాళ్లు. హిప్పోకాంపస్‌ను చిట్టా రాసే గుమస్తా అనుకోండి. మెదడు పైపొర, అంటే కార్టెక్స్, ఆవర్జా. నెలలు, ఏళ్లు పట్టి, చాలా వరకు మనం నిద్రపోయే వేళల్లో, చిట్టాలో సంగతులు ఆవర్జాకు ఎక్కుతుంటాయి.

గుమస్తా మంచాన పడితే ఏమవుతుంది? ఇవాళ్టి పద్దు చిట్టాలోకే ఎక్కదు. పాత ఆవర్జా మాత్రం బీరువాలో అలాగే ఉంటుంది. అమ్మగారు పొద్దున తిన్న దోసెను మర్చిపోయారని మీరంటున్నారు. అది అసలు రాతలోకే ఎక్కలేదు. లేని పద్దును "బాగా గుర్తు తెచ్చుకో" అని ఎంత గద్దించినా బయటికి రాదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు విపరీతంగా వచ్చేవి. 1953లో, ఆయనకు 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల భాగాలను తీసేశారు. మూర్ఛలు తగ్గాయి, కానీ ఆ రోజు నుంచి 2008లో చనిపోయేదాకా ఆయనకు కొత్త సంగతి ఏదీ నిలవలేదు. చిన్ననాటి ముచ్చట్లు గుర్తే, తెలివితేటలు మామూలే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మీద పెన్సిల్ నడిపించే పని చేయించారు. ప్రతి రోజూ ఆయన "ఈ పని నేనెప్పుడూ చేయలేదు" అనేవాడు. చేతి పని మాత్రం రోజురోజుకీ మెరుగుపడింది. అంటే చేతికి పనితనం నేర్పే జ్ఞాపకం వేరు, ఆ పని చేశామన్న సంగతి గుర్తుంచుకునే జ్ఞాపకం వేరు. వాటి చోట్లు కూడా వేరే. మొదటిది బేసల్ గ్యాంగ్లియా, సెరిబెల్లం అనే భాగాల పని. రెండోది హిప్పోకాంపస్ పని.

ఇప్పుడు 1992 దగ్గరికి వద్దాం. దూబగుంట రోశమ్మ గారు, ఆమెతో పాటు జిల్లా ఆడవాళ్లంతా నడిపిన ఆ సారా వ్యతిరేక పోరాటం మీ అమ్మగారి మెదడులో అంత గట్టిగా పాతుకుపోవడానికి రెండు కారణాలున్నాయి. హిప్పోకాంపస్‌కు ముందు కొసన ఆనుకుని బాదంగింజంత అమిగ్డలా ఉంటుంది. భయం, కోపం, గర్వం లాంటివి పొంగినప్పుడు అది పక్కనున్న గుమస్తాను తట్టి "దీన్ని గట్టిగా రాయి" అంటుంది. ఆ రాత్రి మీ అమ్మగారికి ఈ మూడూ ఉండి ఉంటాయి. రెండోది, ఆ కథను ఆమె ఈ ముప్పై ఏళ్లలో ఎన్నిసార్లు చెప్పి ఉంటారో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అది ఆవర్జాలో మరింత ముదురుతుంది. కొద్దిగా మారుతుంది కూడా. కాబట్టి కారప్పొడి మూట ఎవరిదన్న విషయంలో ఆమెతో వాదించకండి.

డెమెన్షియా అనేది ఒక జబ్బు పేరు కాదు. రోజువారీ పనులు దెబ్బతినేంతగా జ్ఞాపకం, ఆలోచన, మాట తగ్గిపోయిన స్థితికి ఆ పేరు. కారణాలు చాలా ఉంటాయి. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డెమెన్షియా ఉందని 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. నూటికి మిగతా 92 మందికి పైగా ముసలితనంలో కూడా తిన్నది గుర్తుంచుకుంటున్నారు కదా. కాబట్టి "వయసైపోయింది, అంతే" అని వదిలేయడం తప్పు.

అల్జీమర్స్‌లో నరకణాల బయట అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది, కణాల లోపల టౌ అనే ప్రొటీన్ చిక్కుముడులు పడుతుంది. ఇది లక్షణాలు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. టౌ చిక్కుముడులు పాకే దారిని జర్మనీకి చెందిన బ్రాక్ దంపతులు 1991లో వివరంగా చూపించారు. మొదట హిప్పోకాంపస్‌కు వాకిలి లాంటి ఎంటోరైనల్ కార్టెక్స్, తర్వాత హిప్పోకాంపస్, ఆ తర్వాత మాటకు, దారికి, ఆలోచనకు సంబంధించిన పైపొర భాగాలు. కాళ్లూ చేతులూ కదిలించే భాగం, చూపు మొదట చేరే భాగం చివరికి గానీ దెబ్బతినవు. అందుకే మీ అమ్మగారు బాగానే నడుస్తారు, బాగానే మాట్లాడతారు, చూసినవాళ్లకు ఏ జబ్బూ లేనట్టే ఉంటారు. చుట్టాలు వచ్చి "మీ అమ్మకేమైంది, నిక్షేపంలా ఉందే" అని పోవడం మీకు అనుభవమే అయివుంటుంది.

ఆ వాకిలిలోనే ఇంకో పని కూడా జరుగుతుంది. మనం ఎక్కడున్నామో గుర్తుపట్టే కణాలను హిప్పోకాంపస్‌లో జాన్ ఓకీఫ్ 1971లో కనుక్కున్నారు. ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గళ్ల పటంలా కొలతలు వేసే కణాలను మోసర్ దంపతులు 2005లో కనుక్కున్నారు. ముగ్గురికీ కలిపి 2014లో నోబెల్ వచ్చింది. దీని వల్ల మీకేం ఉపయోగమంటే, అమ్మగారు తెలిసిన దారిలోనే తడబడుతున్నారేమో గమనించండి. పుట్టి పెరిగిన ఊళ్లో రామాలయం నుంచి ఇంటికి రావడానికి దారి అడిగితే అది చిన్న విషయం కాదు. ఇప్పుడే ఫోన్ నంబరు రాసిన కార్డు ఒకటి ఆమె కొంగుకో, జాకెట్టుకో కుట్టించండి.

ఇక గొలుసు సంగతి. ఇళ్లు విడిపోయేదాకా తెచ్చేది ఇదే కాబట్టి నిదానంగా చెబుతాను.

అమ్మగారు గొలుసు భద్రంగా ఉండాలని తలగడలోనో బియ్యం డబ్బాలోనో పెట్టారు. పెట్టిన సంగతి చిట్టాకు ఎక్కలేదు. కాసేపటికి మెడ తడుముకుంటే గొలుసు లేదు. ఆమె వైపు నుంచి చూడండి: తాను తీయలేదు, గొలుసు మాయమైంది, ఇంట్లో ఉన్నది కోడలు. ఇక మనసు ఏమనుకుంటుంది? మెదడు ఖాళీని ఖాళీగా ఉంచదు, ఏదో ఒక కారణంతో పూడ్చుకుంటుంది. ఆ కారణం సరైనదా కాదా అని సరిచూసుకోవలసిన ముందు భాగం, నుదుటి వెనకుండే ఫ్రంటల్ లోబ్, అది కూడా నీరసించింది. పైగా తనకు మరుపు ఉందన్న సంగతే ఆమెకు తెలియదు. అన్నం పెట్టలేదనడం కూడా ఇంతే. ఇందులో అత్తాకోడళ్ల వైరం ఏమీ లేదు. రోజంతా కనిపించేది, చేసేది కోడలు కాబట్టి నింద కూడా ఆమె మీదే పడుతుంది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ అల్జీమర్ చూసిన మొదటి రోగి ఔగస్టె అనే 51 ఏళ్ల ఆవిడ. ఆమెలో మొదట కనిపించింది కూడా భర్త మీద అనుమానమే. పేరు రాయమంటే రాయలేక, "నన్ను నేనే పోగొట్టుకున్నాను" అందట. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి ఆయన ఈ జబ్బును లోకానికి చెప్పారు.

మీ భార్యను ఒకటి అడగండి. అత్తగారు వంట చేస్తే ఎలా ఉంటోంది? చేపల పులుసు పెట్టేటప్పుడు చింతపండు రసం రెండుసార్లు పోయడం, ఉప్పు మర్చిపోవడం, మామిడి ముక్కలు వేయాల్సిన వేళ దాటిపోవడం జరుగుతోందా? చేప శుభ్రం చేసే చేయి మాత్రం తడబడదు, చూడండి. చేయి పని ఒక చోటుది. "ముందు ఇది, తర్వాత అది" అన్న వరస ఫ్రంటల్ లోబ్‌ది. తర్వాత తర్వాత మెదడు వెనక పైభాగం, పెరైటల్ లోబ్, దెబ్బతింటే చీర కుచ్చిళ్లు కుదరవు. మాటలకు "అది... అదేనే..." అని తడుముకుంటే ఎడమ చెవి వైపుండే టెంపొరల్ భాగం దెబ్బతిన్నట్టు.

మా నాయనది పొదిలి పక్క పల్లె. వర్జీనియా పొగాకు వేసేవాడు. చివరి మూడేళ్లు నన్ను చూసి "యే ఊరయ్యా మీది" అని అడిగేవాడు. మొదట్లో ఇంత చదివి కూడా నేను ఆయన్ని "నాయనా, పొద్దున చెప్పాను కదా" అని విసుక్కున్నాను. ఆ ముఖం ఎలా చిన్నబోయేదో ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఒక రోజు మా తమ్ముడు పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ నుంచి దించిన ఆకు కొంత తెచ్చి ముందు పోశాడు. నాయన ఒక్కో ఆకు తీసి, వేళ్ల మధ్య రాసి చూసి, రంగు చూసి, వేరు వేరు కుప్పలు వేశాడు. మా తమ్ముడు చెక్ చేశాడు, గ్రేడు తప్పలేదు. కొడుకుల పేర్లు పోయాక కూడా ఆకు తెలిసింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం కాస్త ఆకు ముందు పోసేవాళ్లం. ఆ పనిలో ఉన్నంతసేపు "ఇంటికి పోతా" అన్న కలవరింత ఉండేది కాదు. మీ అమ్మగారి చేతికి ఏ పని తెలుసో వెతకండి. వేరుశనక్కాయలు ఒలవడమో, పూలు కట్టడమో, చింతపండు గింజలు తీయడమో.

స్కాన్ అవసరమేనా అంటే, అవసరమే. ఎందుకంటే పైన చెప్పినదంతా అల్జీమర్స్ అనుకుని చెప్పాను. కానీ ఆమెను నేను చూడలేదు, ఇంకేదైనా కావచ్చు. బాత్‌రూమ్‌లో జారి పడ్డాక మెదడు పైన రక్తం మెల్లగా చేరి నెల తర్వాత మతిమరుపుగా బయటపడినవాళ్లను చూశాను. చిన్న ఆపరేషన్‌తో వాళ్లు తేరుకున్నారు. మెదడులో నీరు చేరే జబ్బు ఒకటుంది. అందులో పాదాలు నేలకు అతుక్కున్నట్టు నడక, మూత్రం ఆపుకోలేకపోవడం, మరుపు మూడూ కలిసి వస్తాయి. బీపీ, షుగర్ వల్ల చిన్న చిన్న స్ట్రోకులు పోగుపడి కూడా డెమెన్షియా వస్తుంది. అది మెట్లు దిగినట్టు ఒక్కో దెబ్బకు తగ్గుతుంది. ఇవన్నీ ఎంఆర్ఐలో కనిపిస్తాయి. ఖర్చు భారమైతే కనీసం సీటీ అయినా తీయించండి. రక్తంలో బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్, క్రియాటినిన్ చూడాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పాంటొప్రజోల్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 పడిపోవచ్చు. రోహిణి కార్తె ఎండల్లో, బీపీకి క్లోర్‌థాలిడోన్ లాంటి మాత్ర వేసుకునే పెద్దవాళ్లలో సోడియం పడిపోయి ఒక్కసారిగా అయోమయం వస్తుంది. ఏడాదిన్నరగా మెల్లగా వచ్చిన మరుపు వేరు, రెండు రోజుల్లో వచ్చిన అయోమయం వేరు. రెండోది వస్తే రాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకుపోండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా పెద్దవాళ్లలో ఇలాగే కనిపిస్తుంది.

ఇంట్లో మందుల కవరు వెతకండి, ఇది చాలా ముఖ్యం. జ్ఞాపకానికి, ఏకాగ్రతకు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కావాలి. అల్జీమర్స్‌లో అది తగ్గుతుంది. మేం రాసే డోనెపెజిల్ ఉన్న కాస్త ఎసిటైల్‌కోలిన్ త్వరగా విరిగిపోకుండా ఆపుతుంది. కానీ వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, దిగులుకు, నొప్పులకు ఇచ్చే అమిట్రిప్టిలిన్, జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్, మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యూటినిన్ ఇదే రసాయనానికి అడ్డుపడతాయి. ఒకే చీటీలో డోనెపెజిల్, దానికి అడ్డుపడే మాత్ర రెండూ ఉన్న రోగులను ఎందరినో చూశాను. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్ప్రజోలం కూడా మరుపును పెంచుతుంది. అయితే ఏళ్లుగా వాడుతుంటే ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇంకో హెచ్చరిక. ఆమెకు ఇంట్లో లేని పిల్లలో, పిల్లులో స్పష్టంగా కనిపిస్తున్నాయంటే, చేతులు బిగుసుకుని నడక నెమ్మదిస్తే, అది లూయీ బాడీ డెమెన్షియా కావచ్చు. అలాంటివారికి గొడవ చేస్తున్నారని హాలోపెరిడాల్ అనే మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఈ లక్షణం ఉంటే డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.

డోనెపెజిల్, మెమాంటిన్ జబ్బును మాన్పవు. కొందరిలో కొంతకాలం రోజువారీ పనులను నిలబెడతాయి. డోనెపెజిల్ వల్ల వాంతులు, నాడి నెమ్మదించడం ఉండొచ్చు కాబట్టి ముందు ఈసీజీ చూస్తాం. అమెరికాలో 2023లో లెకానెమాబ్‌కు, 2024లో డోనానెమాబ్‌కు అనుమతి వచ్చింది. ఇవి అమిలాయిడ్‌ను తొలగించే ఇంజెక్షన్లు. తొలి దశలోనే వాడాలి. జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయి, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉంది. మీ అమ్మగారి కోసం వీటి వెంట పడి అప్పులు చేయమని నేను చెప్పను. టీవీలో "మతిమరుపు మాయం" అనే పొడులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

చెవులు, కళ్లు చూపించండి. వినపడకపోతే గుమస్తాకు రాయడానికి ఏమీ అందదు. పరీక్షల్లో "వందలోంచి ఏడు తీసేయ్" లాంటివి అడుగుతారు. మీ అమ్మగారు బడికి పోలేదని, పెద్దల చదువు కోసం నడిపిన అక్షరదీపం రాత్రి బడిలోనే సంతకం నేర్చుకున్నారని డాక్టరుకు ముందే చెప్పండి. చదువు లేనివాళ్లకు ఆ మార్కులు తక్కువే వస్తాయి. సంతలో చిల్లర లెక్క ఎలా చూసుకునేవారు, ఇప్పుడెలా ఉంది అన్నదే వాళ్ల విషయంలో అసలైన పరీక్ష.

మీకు వస్తుందా అన్న భయం సహజం. తల్లిదండ్రుల నుంచి నేరుగా, తప్పకుండా వచ్చే రకం చాలా అరుదు. అది సాధారణంగా 60 ఏళ్ల లోపే మొదలవుతుంది. 70ల్లో వచ్చే రకంలో ఏపీఓఈ4 లాంటి జన్యువు అవకాశాన్ని పెంచుతుందే గానీ రాసిపెట్టినట్టు కాదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలను లెక్కించి, వాటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం డెమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో చేయవచ్చని చెప్పింది. అందులో బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, వినికిడి లోపం, చదువు లేకపోవడం, ఒంటరితనం ఉన్నాయి. మన హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది రోగులను చూసి, ఒకే భాష వచ్చినవాళ్లకన్నా రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డెమెన్షియా నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో చెప్పింది. చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తమిళం, తెలుగు రెండూ మాట్లాడే మన జిల్లావాళ్లకు ఇది మంచి కబురు. మీరు ఈ వారమే బీపీ చూపించుకోండి.

ఇంట్లో ఎలా మాట్లాడాలో కూడా అడగాలనిపించి ఉంటుంది. 2014లో అయోవా విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే, నవ్వించే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి చూసిన సంగతి వాళ్లకు గుర్తులేదు. ఆ దిగులు, ఆ సంతోషం మాత్రం మిగిలే ఉన్నాయి. మీరు గద్దించిన మాట అమ్మగారికి పది నిమిషాల్లో పోతుంది, గద్దించినప్పటి బాధ ఆ తర్వాత కూడా ఉంటుంది, ఎందుకో ఆమెకే తెలియకుండా. కాబట్టి "ఇప్పుడే తిన్నావు కదా" అనకండి. మీ భార్య "అన్నం ఉడుకుతోందత్తా, అందాకా ఈ అరటిపండు తిను" అంటే సరిపోతుంది. పొద్దున పెట్టే దోసెల్లో ఒకటి తగ్గించి, అడిగినప్పుడు పెట్టడానికి ఉంచండి. గొలుసు పోయిందంటే "నేను తీయలేదు" అని వాదించకుండా "పా, ఇద్దరం వెతుకుదాం" అనమనండి. అసలు గొలుసు లాకర్‌లో పెట్టి, అలాంటిదే గిల్టుది ఒకటి ఇవ్వండి. అరుగు మీద చెప్పే మాటల గురించి ఇరుగుపొరుగుకు మీరే, కొడుకుగా, ఇది జబ్బు అని చెప్పండి. ఆ మాట కోడలి నోటి నుంచి వస్తే ఎవరూ నమ్మరు. పెద్దవాళ్ల సమస్యలకు 14567, మీ ఇంట్లోవాళ్ల మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416, రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల కవరు మొత్తం, ఏ నెలలో ఏ మార్పు మొదలైందో రాసిన కాగితం తీసుకుపోండి. ఆ కాగితం మీ భార్య చేత రాయించండి. ఆమెను వరండాలో కూర్చోబెట్టకుండా లోపలికి తీసుకుపోయి, ఆమెనే చెప్పనివ్వండి. రోజంతా చూసేది ఆమే కాబట్టి, మాకు కావలసిన వివరాలు ఆమె దగ్గరే ఉంటాయి.